క్యాన్సర్ వార్డులో నర్సింగ్ కేర్ మీద పేషెంట్ల సంతృప్తి కొలవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ చేసే పిల్లలు, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లు, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మార్చి మార్చి ఇవే అడుగుతుంటారు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టేశా. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి. "అందరూ బాగుందనే అంటున్నారు" అనే ప్రశ్న మాత్రం దాటెయ్యకండి, మిగతా సగం ప్రశ్నలు అక్కణ్ణుంచే పుట్టాయి.

హాస్పిటల్ మొత్తానికి ఒక ఫీడ్‌బ్యాక్ ఫామ్ ఉంది కదా, నర్సింగ్‌కి మళ్ళీ విడిగా ఎందుకు?

ఆ ఫామ్ ఒకసారి తీసి చూడండి. క్యాంటీన్, లిఫ్టు, బాత్రూమ్, బిల్లింగ్, డాక్టర్లు అన్నీ అయ్యాక ఎక్కడో కింద "నర్సింగ్ సేవలు" అని ఒక్క లైను ఉంటుంది, పక్కన ఐదు గళ్ళు. దాంతో ఏం తెలుస్తుంది చెప్పండి.

క్యాన్సర్ పేషెంట్ సంగతి వేరే. డాక్టర్ గారు రౌండ్స్‌లో కనిపించేది కాసేపే, మిగతా రోజంతా సిస్టరే. కాన్యులా పెట్టేది, కీమో ఎక్కించేది, పిక్ లైన్ (చెయ్యి నరంలోంచి గుండె దాకా వెళ్ళే సన్నని గొట్టం) ఫ్లష్ చేసేది, నోరు పూసి అన్నం దిగకపోతే మౌత్‌వాష్ ఎలా చెయ్యాలో చూపించేది, రాత్రి జ్వరం వస్తే ముందు పట్టుకోవాల్సింది అన్నీ ఆవిడే. పైగా అపెండిక్స్ ఆపరేషన్‌కి వచ్చి నాలుగు రోజుల్లో వెళ్ళిపోయినట్టు కాదుగా, 21 రోజులకోసారి ఒక సైకిల్, అంటే ఒక విడత కీమో, అలా నెలల తరబడి అదే వార్డు, అవే మొహాలు. ఏ సిస్టర్‌కి ఒక్క పోటులో నరం దొరుకుతుందో పేషెంట్లకి బాగా తెలుసు, ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వస్తారు.

నర్సింగ్ కేర్‌తో సంతృప్తి అంటే అందులో ఏమేం వస్తాయి?

దీని మీద పాత పనే ఇప్పటికీ పనికొస్తుంది. అమెరికాలో నాన్సీ రిస్సర్ 1975లో నర్సింగ్ కోసమే ఒక స్కేల్, అంటే స్కోర్ వేసే ప్రశ్నపత్రం, తయారుచేసి దాన్ని మూడు ముక్కలు చేసింది: పని చేతనవుతుందా లేదా, అర్థమయ్యేలా చెప్తున్నారా, నమ్మకంగా మనసులో మాట చెప్పుకోగలమా. తర్వాత వచ్చిన స్కేల్స్ చాలావరకు ఈ మూడింటినే అటూ ఇటూ తిప్పాయి. క్యాన్సర్ స్కేల్స్‌లో ఇంకోటి కలుస్తుంది, పిలిస్తే ఎంతసేపటికి వస్తున్నారు, మనకి టైమ్ ఇస్తున్నారా అన్నది.

ఇక్కడ పెట్రీషియా లార్సన్ స్టడీ గురించి చెప్పకుండా ఉండలేను. 1984లో ఆవిడ క్యాన్సర్ పేషెంట్లకి నర్సులు చేసే 50 పనులు రాసిన కార్డులిచ్చి, ఏది ముఖ్యమో వరుసలో పెట్టమంది. పైన ఏమొచ్చాయో తెలుసా, ఇంజెక్షన్, ఐవీ, మెషీన్లు సరిగ్గా చూసుకోవడం రావాలి, డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలో తెలియాలి. రెండేళ్ళ తర్వాత ఇదే పని నర్సుల చేత చేయిస్తే వాళ్ళు వినడం, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పడం లాంటివి పైకి తెచ్చారు. అంటే పేషెంట్‌కి ఏం కావాలో మనమే ఊహించుకుని ప్రశ్నలు రాస్తే గురి తప్పే అవకాశం చాలా ఉంది. ప్రేమగా మాట్లాడటం వద్దని ఎవరూ అనలేదు, కానీ ముందు నరం సరిగ్గా దొరకాలి, ఎర్ర మందు చర్మంలోకి లీక్ అవ్వకూడదు. ఎర్ర మందంటే డాక్సోరూబిసిన్, అది నరం బయటికి పోతే చర్మం కాలి పుండు పడుతుంది. చెయ్యి మండుతోందని పేషెంట్ అన్న నిమిషంలో సిస్టర్ వచ్చి మందు ఆపిందా లేదా అన్న ఒక్క ప్రశ్న, "సిస్టర్లు మర్యాదగా ఉన్నారా" లాంటి పది ప్రశ్నల కంటే నయం.

ఏ స్కేల్ వాడాలి? సొంతంగా తయారుచేసుకోవచ్చా?

సొంతంగా చేసుకోవచ్చు కానీ ఎందుకండీ, దాని వాలిడిటీ (కొలవాల్సిందాన్నే కొలుస్తోందా), రిలయబిలిటీ (నిలకడగా కొలుస్తోందా) తేల్చడానికే ఒక థీసిస్ పడుతుంది. ఉన్నవాటిలో ఎక్కువ మంది వాడేవి ఇవి.

క్యాన్సర్‌కే చేసింది కావాలంటే ఈఓఆర్‌టీసీ వాళ్ళ ఇన్-ప్యాట్‌శాట్32. యూరప్ క్యాన్సర్ రీసెర్చ్ సంస్థ అది, ఆన్ బ్రెడార్ టీమ్ 2005లో పబ్లిష్ చేసింది. మొత్తం 32 ప్రశ్నలు, అందులో 11 డాక్టర్ల మీద, 11 నర్సుల మీద, మిగతావి వెయిటింగ్, దారి, పార్కింగ్, సౌకర్యం, మిగతా స్టాఫ్ లాంటివి. నర్సుల 11లో పనితనం మీద మూడు, మాట తీరు మీద మూడు, సమాచారం చెప్పడం మీద మూడు, అందుబాటు మీద రెండు. డాక్టర్లకీ అవే నాలుగు భాగాలు ఉంటాయి కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, ఇది దీంట్లో నాకు బాగా నచ్చే విషయం. తర్వాత దీన్ని మార్చి ప్యాట్‌శాట్-సీ33 అని కొత్తది కూడా తెచ్చారు. ఏది వాడినా వాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకోండి, తెలుగుది ఉందో లేదో కూడా అప్పుడే అడిగేయొచ్చు.

పూర్తిగా నర్సింగ్ మీదే ఉండాలి అంటే రెండున్నాయి. ఇంగ్లండ్ నుంచి న్యూకాజిల్ స్కేల్స్, 1996 నాటివి, అందులో అనుభవాల మీద 26 ప్రశ్నలు, సంతృప్తి మీద 19 విడివిడిగా ఉంటాయి. రెండోది కెనడాలో హీథర్ లాషింగర్ టీమ్ 2005లో ఇచ్చింది, పీఎస్ఎన్‌సీక్యూక్యూ అంటారు, 19 ప్రశ్నలు, చిన్నది, మన దగ్గర స్టూడెంట్స్ ఎక్కువ దీనికే వెళ్తారు. రెండూ జనరల్ వార్డుల కోసం చేసినవి, కీమో గురించి ఏమీ ఉండదు, కాబట్టి పక్కన నాలుగైదు సొంత ప్రశ్నలు కలపాలి, కలిపినవాటి స్కోర్ మాత్రం విడిగా రాయాలి. కలిపేసి ఒకే టోటల్ వేస్తే వైవాలో దొరికిపోతారు.

మా దగ్గర అందరూ బాగుందనే అంటున్నారు, 90 శాతం దాటింది. నమ్మొచ్చా?

నంబర్ తప్పని అనను. వాళ్ళు అలా చెప్పిన మాట నిజమే. అయితే అది మీరు అడిగిన ప్రశ్నకి జవాబా, లేక మీ మీద మర్యాదా అన్నది తేల్చుకోవాలి.

వార్డులో ఇలా జరుగుతుంది. గర్భసంచి క్యాన్సర్‌తో ఉన్న పెద్దావిడ, పల్లెటూరు, పక్కన కూతురు. "అమ్మా, సిస్టర్లు బాగా చూసుకుంటున్నారా?" అంటే ఆలోచించను కూడా ఆలోచించరు, "ఆ, బాగా చూస్తున్నారమ్మా, మా పాలిట దేవుళ్ళు" అనేస్తారు. ఐదుకి ఐదు. ఫామ్ మూసేసి పక్కన కూర్చుని ఊరికే మాట్లాడండి. "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" "ఎక్కడమ్మా, రెండింటికి నొప్పి లేచింది, తెల్లారేదాకా అట్లాగే కూర్చున్నా." "మరి సిస్టర్‌ని పిలవలేదా?" "పాపం ఆ పిల్ల అప్పుడే కాస్త నడుం వాల్చింది, ఒక్కతే ఇంతమందిని చూసుకోవాలాయె, పొద్దున డాక్టర్ గారు వచ్చాక చెబుదాంలే అనుకున్నా."

ఇదీ సంగతి. రాత్రంతా నొప్పితో కూర్చున్న మనిషి సంతృప్తి స్కోర్ వందకి వంద. ఆవిడ అబద్ధం ఏమీ ఆడలేదు, సిస్టర్ తప్పు లేదని నిజంగానే అనుకుంటోంది. ఇంగ్లండ్‌లో బ్రయన్ విలియమ్స్ వాళ్ళు 1998లో సరిగ్గా ఇదే రాశారు: ఇబ్బంది జరిగినా, అది వాళ్ళ డ్యూటీ అని పేషెంట్ అనుకోకపోయినా, డ్యూటీయే కానీ వాళ్ళ చేతిలో లేదులే అనుకున్నా, అసంతృప్తి బయటికి రాదు. మన తెలుగులో ఆ "పాపం" అన్న ఒక్క మాటలో ఇదంతా ఉంది.

స్కాట్లాండ్ హాస్పిటల్స్‌లో చేసిన ఒక స్టడీ 2002లో వచ్చింది, జెంకిన్సన్ వాళ్ళది. కేర్ "ఎక్సలెంట్" అని టిక్ పెట్టినవాళ్ళలోనే 55 శాతం మంది, విడివిడిగా అడిగితే, అడిగిన విషయాల్లో పదో వంతులో ఇబ్బంది పడ్డామని చెప్పారు. కాబట్టి ఇది మన వాళ్ళ అమాయకత్వం అని కొట్టిపారెయ్యకండి, అక్కడా ఇంతే.

మన దగ్గర ఇంకా కొన్ని కలుస్తాయి. ఆరోగ్యశ్రీలో ఫ్రీగా చేస్తున్నారు, ఏమన్నా అంటే బాగోదు అన్న మొహమాటం ఒకటి. వచ్చే సైకిల్‌కి మళ్ళీ ఇదే సిస్టర్ చేతికి చెయ్యి ఇవ్వాలి కదా అన్న భయం ఇంకోటి, ఇది పైకి ఎవరూ చెప్పరు. అసలు ఎక్కువ ఆశించకపోవడం మూడోది. కార్పొరేట్ హాస్పిటల్‌లో స్కోర్ తక్కువ, గవర్నమెంట్ వార్డులో ఎక్కువ వస్తే గవర్నమెంట్ వార్డులో నర్సింగ్ మెరుగ్గా ఉందని రాసెయ్యకండి, డబ్బులు కట్టినవాడు గంట కొట్టగానే రావాలనుకుంటాడు, కట్టనివాడు వచ్చినప్పుడే వస్తారులే అనుకుంటాడు.

మరి ఎలా అడగాలి?

"బాగుందా" అని అడగడం తగ్గించి "ఏం జరిగింది" అని అడగండి, అంతే. ఈ అడ్మిషన్‌లో నొప్పి అని చెప్పాక మందు ఇవ్వడానికి ఎంతసేపు పట్టింది. ఇచ్చాక తగ్గిందా అని మళ్ళీ వచ్చి అడిగారా. కీమో పెట్టేముందు పేరు, మందు పేరు చెప్పి సరిచూసుకున్నారా. ఇంటికెళ్ళాక జ్వరం వస్తే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పారా. రాత్రి పిలవాలనిపించి కూడా పిలవకుండా ఊరుకున్న సందర్భం ఉందా. ఈ చివరిది తప్పకుండా పెట్టండి, ఏ రెడీమేడ్ స్కేల్‌లోనూ నేనిది చూడలేదు, కానీ పై పెద్దావిడ లాంటి వాళ్ళు దీనికి మాత్రం టకీమని జవాబు చెప్తారు.

అమెరికాలో హాస్పిటల్స్‌కి పెట్టిన హెచ్‌క్యాప్స్ సర్వే కూడా ఈ దారిలోనే ఉంటుంది. నర్సుల మాట తీరు మీద మూడే ప్రశ్నలు, మర్యాదగా ఉన్నారా, శ్రద్ధగా విన్నారా, అర్థమయ్యేలా చెప్పారా, జవాబులు మాత్రం "ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, ప్రతిసారీ" అని ఉంటాయి. "బాగుంది" అనే గడే లేదు.

అట్లాగని స్టాండర్డ్ స్కేల్ పక్కన పడెయ్యమని కాదు. స్కేల్ వల్ల వేరే స్టడీలతో పోల్చుకోగలరు, జరిగినవి అడగడం వల్ల రేపు వార్డులో ఏం మార్చాలో తెలుస్తుంది. రెండూ పెట్టుకోండి, స్కేల్ ముందు, ఇవి తర్వాత.

ఫామ్ ఎవరు ఇవ్వాలి? వార్డు సిస్టరే ఇస్తే పని అయిపోతుంది కదా?

అయిపోతుంది, స్కోర్ కూడా అయిపోతుంది! ఒక చేత్తో డ్రిప్ స్పీడ్ సరిచేస్తూ ఇంకో చేత్తో ఫామ్ ఇచ్చిన సిస్టర్ గురించి ఎవరైనా "ఫర్వాలేదు" అని రాస్తారా.

స్టూడెంట్స్ కూడా ఇది గుర్తుంచుకోండి, మీరు యూనిఫామ్‌లో వెళ్తే పేషెంట్ లెక్కలో మీరూ స్టాఫే. మామూలు బట్టల్లో వెళ్ళండి, మెడలో హాస్పిటల్ ట్యాగ్ లేకుండా, కాలేజీ ఐడీ చూపించి "నేను ఇక్కడ పనిచెయ్యను, మీరు చెప్పింది ఈ వార్డులో ఎవరికీ తెలీదు" అని మొదటి మాటగా చెప్పండి. ఆ వార్డులో మీకు పోస్టింగ్ ఉంటే వేరే బ్యాచ్ వాళ్ళతో అడిగించండి. కర్టెన్ వేసినంత మాత్రాన ప్రైవసీ రాదు, పక్క బెడ్ వాళ్ళు అన్నీ వింటారు, కుదిరితే కౌన్సెలింగ్ రూమ్‌కో వరండా చివరికో తీసుకెళ్ళండి.

ఎప్పుడు అడగాలి?

కీమో ఎక్కిన రోజు వద్దు, ఆ తర్వాత నాలుగైదు రోజులు కూడా కష్టమే, వికారం మొదటి రోజుతో పోదు. డిశ్చార్జ్ రోజు అందరూ చేస్తారు, ఎందుకంటే పేషెంట్ దొరుకుతాడు. కానీ ఆ రోజు ఆయన ధ్యాసంతా ఫైల్ ఎప్పుడొస్తుంది, సాయంత్రం బస్సు దొరుకుతుందా అన్నదాని మీదే ఉంటుంది. ఇంటికెళ్ళిన వారం పది రోజులకి ఫోన్ చేస్తే మనసు విప్పి మాట్లాడతారు. హెచ్‌క్యాప్స్ వాళ్ళు డిశ్చార్జ్ అయి 48 గంటలు దాటకుండా అడగనే అడగరు. ఫోన్ కుదరదు అంటే ఓపీకి వచ్చినప్పుడు పట్టుకోండి. ఏదైనా సరే, అందరినీ ఒకే టైమ్‌లో అడగాలి, సగం మందిని బెడ్ మీద, సగం మందిని ఇంట్లో అడిగి కలిపేస్తే పనికిరాదు.

పేషెంట్ నీరసంగా ఉన్నారు, అటెండెంట్‌ని అడిగి రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు, విడి గుంపుగా. పేషెంట్ జవాబు కింద మాత్రం వెయ్యొద్దు. అటెండెంట్ చూసేది వేరు, వాళ్ళకి కోపం ఎక్కడొస్తుందంటే కౌంటర్ల చుట్టూ తిప్పినప్పుడు, విసుక్కున్నప్పుడు. పేషెంట్‌కి ముఖ్యం సూది, నొప్పి, రాత్రి.

ఇంకో చిక్కుంది. మన వార్డుల్లో నర్సింగ్ పని సగం అటెండెంటే చేస్తాడు. తినిపించడం, బెడ్‌పాన్, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, డ్రిప్ అయిపోతోందని పరిగెత్తి చెప్పడం, అన్నీ. యూరప్‌లో రాసిన స్కేల్‌కి ఈ మనిషి ఉన్నాడని కూడా తెలీదు. "మీ అవసరాలు ఎంత బాగా చూసుకున్నారు" అంటే పేషెంట్ తన కూతురు చేసిందంతా కలిపి "చాలా బాగా" అంటాడు. అందుకే వయసు, చదువు లాంటివి అడిగే డెమోగ్రాఫిక్ ప్రశ్నల్లోనే "పక్కన ఎవరున్నారు, ఏ పనులు వాళ్ళు చేశారు" అని అడిగేయండి. ఒంటరిగా ఉన్న పేషెంట్ల స్కోర్ విడిగా తీసి చూడండి, అసలు నర్సింగ్ అక్కడ కనిపిస్తుంది.

అన్నట్టు "సిస్టర్" అంటే ఎవరో కూడా ముందే చెప్పాలి. స్టూడెంట్, ఆయమ్మ, ల్యాబ్‌కి రక్తం తీసే అమ్మాయి, చాలామందికి అందరూ సిస్టర్లే.

పేషెంట్‌కి క్యాన్సర్ అని ఇంట్లో వాళ్ళు చెప్పలేదు. ఫామ్ మీద ఆ మాట ఉంది, ఎలా?

చాలా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. "గడ్డ ఉంది, కరెంటు పెడితే తగ్గిపోతుంది" అని (కరెంటంటే రేడియేషన్) చెప్పి తీసుకొచ్చిన కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. పేషెంట్‌కి చెప్పడం డాక్టర్ పని, కుటుంబంతో మాట్లాడి, మీ ప్రశ్నపత్రం వల్ల తెలియకూడదు. ముందుగా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగి ఎవరికి తెలుసో ఎవరికి తెలీదో కనుక్కోండి. థీసిస్ అయితే "జబ్బు సంగతి తెలిసినవాళ్ళే" అని ఇన్‌క్లూజన్ క్రైటీరియాలో (ఎవరిని చేర్చుకుంటామో చెప్పే షరతుల్లో) రాసేసి, తెలియనివాళ్ళు ఎంతమంది వదిలిపోయారో రిపోర్ట్ చెయ్యండి. మామూలు వార్డు సర్వే అయితే హెడ్డింగ్‌లో "మా వార్డులో నర్సింగ్ సేవలపై మీ అభిప్రాయం" చాలు, ఆ మాట అక్కర్లేదు. కన్సెంట్ ఫామ్, ఇన్ఫర్మేషన్ షీట్, కాలేజీ స్టాంపు, వీటి మీద కూడా చూసుకోండి, ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.

చదువు రానివాళ్ళకి ఎలా?

చదివి వినిపించాలి, అందరికీ ఒకే మాటల్లో. ఐదు గళ్ళు చెవితో విని గుర్తుపెట్టుకోవడం చదువుకున్నవాళ్ళకే కష్టం, కాబట్టి జవాబులు పెద్ద కార్డు మీద వరుసగా గీసి చేతికి ఇవ్వండి, వేలు పెట్టి చూపిస్తారు. నవ్వు మొహాల బొమ్మలు వాడతారు కొంతమంది, పిల్లల కోసం చేసినవి కదా అని పెద్దవాళ్ళు కొంచెం చిన్నబుచ్చుకోవడం చూశాను. బాగా పెద్దవాళ్ళతో "రూపాయికి ఎన్నణాలు ఇస్తారు" అని మొదలుపెడితే మాట కలుస్తుంది, "పన్నెండణాలు" అన్నాక "ఆ నాలుగణాలు ఎక్కడ పోయాయి పెద్దమ్మా" అంటే అసలు విషయం వచ్చేస్తుంది. ఇది మాట కదపడానికే, స్కేల్ జవాబు మాత్రం స్కేల్ గళ్ళలోనే తీసుకోవాలి.

ఇంగ్లీష్ స్కేల్‌ని తెలుగులోకి మార్చాలంటే?

ఇద్దరు విడివిడిగా తెలుగు చెయ్యాలి, కూర్చుని ఒకటి తేల్చాలి, అసలు ఇంగ్లీష్ చూడని ఇంకొకరు దాన్ని వెనక్కి ఇంగ్లీష్ చెయ్యాలి, పోల్చాలి, తర్వాత కొంతమంది పేషెంట్లకి ఇచ్చి "ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది" అని అడగాలి. చివరి మెట్టే అందరూ ఎగ్గొడతారు, అదే ముఖ్యం. "నైపుణ్యత", "అంతర్వ్యక్తిగత సంబంధాలు" అని రాస్తే సంగారెడ్డి పేషెంట్‌కీ అర్థం కాదు, శ్రీకాకుళం పేషెంట్‌కీ కాదు. హైదరాబాద్‌లో చేస్తుంటే ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడే పేషెంట్లు కూడా ఉంటారు, వాళ్ళని వదిలేస్తే వదిలేశామని రాయండి. ఇంకోవైపు సిస్టర్లలో కేరళ వాళ్ళు ఎక్కువ ఉన్న హాస్పిటల్ అయితే "సిస్టర్ చెప్పింది నాకు అర్థమైంది" అన్న దాని స్కోర్ విడిగా చూసుకోండి.

శాంపుల్ ఎంతమంది కావాలి?

సంతృప్తి శాతం సగం ఉంటుందనుకుని, 5 శాతం అటూ ఇటూగా, 95 శాతం కాన్ఫిడెన్స్‌తో తేలాలంటే 384 మంది అని సూత్రం చెప్తుంది. 10 శాతం అటూ ఇటూ చాలంటే 96. పోగా వద్దనేవాళ్ళు, మధ్యలో ఆపేసేవాళ్ళు ఉంటారు కాబట్టి కాస్త ఎక్కువే అడగాలి. వద్దన్నవాళ్ళ లెక్క కూడా రాసుకోండి, బాగా నీరసించినవాళ్ళు అందులోనే ఉంటారు, వాళ్ళు లేకపోతే మీ స్కోర్ దానంతట అదే పెరిగిపోతుంది.

స్కోర్ ఎలా లెక్కపెట్టాలి?

ఇన్-ప్యాట్‌శాట్32లో జవాబులు 1 నుంచి 5. ఒక్కో భాగానికి సగటు తీసి, అందులోంచి 1 తీసేసి, 4తో భాగించి, 100తో గుణించాలి. మాట తీరు మీద మూడింటికి 4, 3, 4 వచ్చాయనుకోండి, సగటు 3.67, స్కోర్ 66.7. ఒక భాగంలో కనీసం సగం ప్రశ్నలకి జవాబుంటే ఉన్నవాటి సగటు వాడొచ్చు, లేకపోతే ఆ భాగం వదిలెయ్యాలి.

రిపోర్ట్‌లో ఒక్క సగటు రాసి వదిలెయ్యకండి. స్కోర్లన్నీ పైన గుంపుగా ఉంటాయి కాబట్టి సగటు ఏమీ చెప్పదు, ప్రతి ప్రశ్నకి టాప్ గడి పెట్టనివాళ్ళు ఎంత శాతమో రాయండి. వీలైతే షిఫ్ట్ వారీగా అడగండి, పగలూ రాత్రీ కలిపి అడిగితే రాత్రి మాయమైపోతుంది. క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే లెక్క) 0.7 దాటితే చాలంటారు, అది 0.97 వచ్చిందని సంబరపడకండి, చాలాసార్లు పేషెంట్ పై నుంచి కిందికి ఒకే గడి టిక్ పెట్టేస్తే కూడా అలాగే వస్తుంది.

ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలా? ఇది ఉత్త సర్వేనే కదా.

థీసిస్ అయినా పబ్లిష్ చేసేదైనా కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం చదవలేని పేషెంట్ అయితే సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. వార్డు సిస్టర్‌ని సాక్షిగా పెట్టకండి మహాప్రభో. మాట్లాడుతుంటే పేషెంట్ ఏడిస్తే ఫామ్ పక్కన పెట్టి కూర్చోండి, ఆ ఫామ్ పూర్తవ్వకపోయినా ఫర్వాలేదు. నొప్పి ఉందని చెప్తే డేటా కదా అని రాసుకుని వచ్చేయకూడదు, అప్పటికప్పుడు, పేషెంట్ ఒప్పుకుంటే, డ్యూటీ సిస్టర్‌కి చెప్పాలి.

డేకేర్ కీమో, రేడియేషన్ వాళ్ళకి ఇదే ఫామ్ పనికొస్తుందా?

రాదు. రాత్రి ఉండరు, బెడ్ ఉండదు, వెయిటింగే పెద్ద సమస్య. ఈఓఆర్‌టీసీ వాళ్ళవే అవుట్ పేషెంట్ల కోసం వేరే ఉన్నాయి, అవి చూడండి.

గవర్నమెంట్ హాస్పిటల్స్‌కి మేరా అస్పతాల్ ఉంది కదా, ఆ డేటా సరిపోదా?

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టింది అది, మెసేజ్, ఫోన్ కాల్, యాప్, వెబ్‌సైట్ ద్వారా పేషెంట్ల అభిప్రాయం తీసుకుంటుంది. హాస్పిటల్ మొత్తం ఎలా ఉందో చూడటానికి మంచిదే. మీ కీమో వార్డులో రాత్రి ఏం జరుగుతోందో అందులో దొరకదు.

స్కోర్ ప్రకారం సిస్టర్లకి ఇంక్రిమెంట్లు, బెస్ట్ నర్స్ అవార్డులు ఇవ్వచ్చా?

ఇచ్చారంటే మరుసటి నెల నుంచే "అమ్మా, ఫోన్ వస్తది, ఫుల్ మార్కులు వెయ్యండే" అని వార్డంతా వినిపిస్తుంది. తప్పు వాళ్ళది కాదు. పైగా ఒక షిఫ్ట్‌లో ఎన్ని బెడ్లు ఒకళ్ళ మీద పడ్డాయో ఆ స్కోర్‌లో కనపడదు. టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డుల్లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని నార్మ్ ఉంది, మీ రాత్రి డ్యూటీ రోస్టర్ తీసి దాని పక్కన పెట్టుకోండి. వార్డు పేరు మీద స్కోర్ రాయండి, మనిషి పేరు మీద రాయకండి. పేషెంట్ తనంతట తాను ఎవరి పేరైనా మెచ్చుకుంటే మాత్రం ఆ సిస్టర్‌కి వెళ్ళి చెప్పండి, అది ఫ్రీ.

ఏదో ఒక దాంట్లో తక్కువ వచ్చింది. తర్వాత ఏం చెయ్యాలి?

ఎక్కువగా తక్కువొచ్చేది సమాచారం చెప్పే భాగంలో. సిస్టర్లు చెప్పడం లేదని కాదు, డిశ్చార్జ్ హడావుడిలో నిలబడి గబగబా చెప్తారు, ఒకసారి విన్నది ఇంటికెళ్ళేలోపు పోతుంది. జ్వరం ఎంత దాటితే రావాలి, ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి, ఇవి తెలుగులో పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద ఇచ్చి, పేషెంట్ చేత మళ్ళీ చెప్పించుకోండి. నొప్పి భాగంలో తక్కువొస్తే రాత్రి పదికి, రెండుకి, తెల్లారుజామున ఐదుకి సిస్టరే వెళ్ళి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందని అడిగి చార్ట్‌లో రాసే పద్ధతి పెట్టండి, పేషెంట్ పిలిచేదాకా ఆగక్కర్లేదు. రెండు మూడు నెలల తర్వాత అవే ప్రశ్నలు మళ్ళీ అడగండి. అన్నీ ఒకేసారి మార్చకండి, దేనివల్ల మారిందో తెలీదు. రిజల్ట్ ముందుగా సిస్టర్లకే చూపించండి, సూపరింటెండెంట్ మీటింగ్‌లో స్క్రీన్ మీద మొదటిసారి చూస్తే ఇంక ఏ సర్వేకీ సహకరించరు.

గూగుల్ ఫామ్ పెట్టి క్యూఆర్ కోడ్ గోడకి అంటిస్తే?

అంటించండి, ఖర్చేం లేదు. అందులో వచ్చేవి అటెండెంట్ కుర్రాళ్ళ జవాబులని గుర్తుపెట్టుకుంటే చాలు, ఎక్కువ భాగం ఫ్యాన్ల గురించి, పార్కింగ్ గురించి ఉంటుంది.